మలి వయసులో కోడిగుడ్డు: భయమెంత, బలమెంత

(ప్రొద్దుటూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువు భృతి గురించి, బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఆహారం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను కోడిగుడ్డును ఎంచుకున్నాను. ఇంత చిన్న విషయమా అని కొందరు నవ్వవచ్చు. కానీ మన ఈడువారు నలుగురు కూర్చుని భోంచేసే చోట చూడండి. ఒకరు గుడ్డు పూర్తిగా మానేశారు. ఇంకొకరు తెల్లసొన తిని పచ్చసొన పక్కన పెడతారు. మూడో ఆయన తింటారు గానీ, తప్పు చేస్తున్నట్టు ఇటూ అటూ చూసి తింటారు. నాలుగో ఆయనకు ఇష్టమే, కానీ కొడుకు వద్దన్నాడని ఊరుకుంటారు. ఈ నలుగురిలో ఎంతమందిని డాక్టరు పరీక్ష చేసి మానమన్నాడు? చాలామంది ఎక్కడో విన్నమాట మీద మానినవారే. అలా మానడం వల్ల మనం ఏం పోగొట్టుకుంటున్నామో, మానవలసినవారు నిజంగా ఎవరో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

పాత భయం ఎక్కడ పుట్టింది?

గుండెజబ్బు ఉన్నవారి రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉంటుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. పచ్చసొనలో కొలెస్టరాల్ ఎక్కువ. ఒక్క గుడ్డులో సుమారు 190 మిల్లీగ్రాములు ఉంటుంది. ఈ రెంటినీ కలిపి 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు ఒక సలహా ఇచ్చారు. ఆహారంలో రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ దాటవద్దు, వారానికి మూడు పచ్చసొనలకు మించవద్దు అని దాని సారాంశం. ఆ మాట సముద్రాలు దాటి మన ఊళ్ళకూ వచ్చింది. మనలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్న రోజుల్లో విన్నది అదే.

తరువాతి పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, మన రక్తంలోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగాన్ని మన కాలేయమే తయారు చేస్తుంది. ఆహారం ద్వారా కొంత వస్తే, చాలామంది శరీరాలు తమ తయారీని ఆ మేరకు తగ్గించుకుంటాయి. రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను ఎక్కువగా పెంచేవి వెన్న, నెయ్యి, కొవ్వు మాంసం, పామాయిల్ వంటి వాటిలోని సంతృప్త కొవ్వు, వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు. గుడ్డులో మొత్తం కొవ్వు 5 గ్రాములు ఉంటే, అందులో సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాముల చిల్లర మాత్రమే.

మనం ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళం. కొత్త జీ.ఓ. వచ్చాక పాత జీ.ఓ. పట్టుకుని ఫైలు నడిపితే ఏమవుతుందో మనకు తెలుసు. గుడ్డు విషయంలో జరిగింది అదే. 2016 జనవరిలో వెలువడిన అమెరికా ప్రభుత్వ ఆహార సూత్రాల్లో ఆ 300 మిల్లీగ్రాముల హద్దును తీసివేశారు. 1968లో హద్దు పెట్టిన హార్ట్ అసోసియేషన్ వారే 2019 డిసెంబరులో కొత్త సలహా ఇచ్చారు. ఆరోగ్యవంతులు మంచి ఆహారంలో భాగంగా రోజుకు ఒక పూర్తి గుడ్డు తినవచ్చునని, కొలెస్టరాల్ సరిగా ఉన్న వృద్ధులు రెండు తిన్నా ఫరవాలేదని అందులో ఉంది. వృద్ధులకు ప్రత్యేకంగా ఒక వెసులుబాటు ఇచ్చారన్న సంగతి గమనించండి. డి.ఏ. పెంపు వార్త వెంటనే అందుకునే మనకు, ఈ వార్త మాత్రం ఇంకా అందలేదు.

అయితే ఒక పక్షమే చెప్పడం న్యాయం కాదు. 2019 మార్చిలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో, సుమారు 29,600 మందిని చాలా ఏళ్ళు గమనించి రాసిన వ్యాసం వచ్చింది. గుడ్లు ఎక్కువ తిన్నవారిలో గుండెజబ్బు కొంత ఎక్కువ కనిపించిందని అందులో ఉంది. మరుసటి ఏడాది, 2020 మార్చిలో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రెండు లక్షల పైచిలుకు మందిని గమనించిన వ్యాసం వచ్చింది. రోజుకు ఒకటి వరకు తిన్నవారిలో గుండెజబ్బు పెరిగినట్లు కనిపించలేదని అది చెప్పింది. ఈ రెండూ చదివితే తేలేది ఒక్కటే. రోజుకు ఒకటి అనేది నిబ్బరంగా నిలబడగలిగిన మాట. నాలుగు, ఐదు తినమని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

ఇక లెక్క వేసి చూద్దాం

ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రతి రూపాయికీ లెక్క రాశాం. ఇప్పుడు మన విస్తరికి కూడా ఒకసారి లెక్క రాద్దాం.

వయసు పెరిగేకొద్దీ కండ కరుగుతుంది. ఇది నొప్పి పెట్టదు కాబట్టి తెలియదు. మొదట కుర్చీలోంచి లేవడానికి చేతుల ఆసరా కావాలి. తరువాత మెట్లు కష్టమవుతాయి. ఆ తరువాత ఒకరోజు స్నానాల గదిలో కాలు జారుతుంది, తుంటి ఎముక విరుగుతుంది. అక్కడి నుండి మంచమే. మన సంఘంలో ఎంతమంది ఇలా మంచం పట్టారో మీకు నేను చెప్పనక్కరలేదు. గుండెపోటుకు భయపడినంతగా మనం కండ కరగడానికి భయపడడం లేదు. కండ నిలవడానికి కావలసినవి రెండు: కొద్దిపాటి వ్యాయామం, తగినన్ని మాంసకృత్తులు.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి ఇది 50 గ్రాములు. వృద్ధులకు కిలోకు 1 నుండి 1.2 గ్రాములు ఉండాలని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. మనం తక్కువ అంకె, 50 గ్రాములే తీసుకుందాం.

మన వైపు ఒక పెద్దాయన రోజు భోజనం ఇది: 150 గ్రాముల బియ్యం అన్నం, 100 గ్రాముల పిండితో రెండు జొన్న రొట్టెలు, టీలోకి, పెరుగులోకి కలిపి పావు లీటరు పాలు. కూర, చారు మామూలే. బియ్యంలో 12 గ్రాములు, రొట్టెల్లో 10, పాలలో 8 వస్తాయి. మొత్తం 30. అంటే 20 గ్రాముల లోటు. ఇది నెలనెలా ఖజానాలో పడే లోటు లాంటిది. శరీరం దాన్ని కండలోంచి తీసి సర్దుతుంది.

ఈ లోటు ఎలా పూడ్చాలి? 50 గ్రాముల కందిపప్పు చేర్చితే 11 గ్రాములు. ఒక గుడ్డు చేర్చితే 6 గ్రాములు. సాయంత్రం బిస్కెట్లకు బదులు ఒక గుప్పెడు పల్లీలు, 15 గ్రాములు, తింటే మూడున్నర గ్రాములు. లెక్క సరిపోయింది. గుడ్డు ఒక్కటే అద్భుతాలు చేస్తుందని నేను చెప్పడం లేదు. పప్పు, పెరుగు, పల్లీల పక్కన దాని చోటు దానికి ఇవ్వమంటున్నాను.

ఆ చోటుకు గుడ్డు ఎందుకు తగినదంటే, దానిలోని మాంసకృత్తులు చాలా మేలిరకం. శరీరానికి కావలసిన అమైనో ఆమ్లాలన్నీ అందులో ఉన్నాయి. ఒక గుడ్డు ఇచ్చే శక్తి సుమారు 70 క్యాలరీలే. పళ్ళు ఊడినవారికి, కట్టుడు పళ్ళు పెట్టుకున్నవారికి మటన్ ముక్క నమలడం కష్టం, గుడ్డు సులువు. జ్వరం వచ్చి లేచినవారికి కూడా ఒంటపడుతుంది. పది నిమిషాల్లో తయారవుతుంది. ఒంటరిగా ఉండే పెన్షనర్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇక పచ్చసొనను పక్కన పెట్టేవారికి ఒక మాట. విటమిన్ ఎ, డి, బి12, కోలిన్, కంటికి మేలు చేసే ల్యూటిన్ అన్నీ ముఖ్యంగా ఉండేది అందులోనే. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది. వారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. గుడ్డులో లేనివి కూడా ఉన్నాయి. విటమిన్ సి లేదు, పీచు లేదు. అందుకే గుడ్డు పక్కన ఆకుకూర, నిమ్మరసం, పండు ఉండాలి.

ఎవరు జాగ్రత్త పడాలి?

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా వినండి. నేను చెప్పిన రోజుకొక గుడ్డు అందరికీ వర్తించదు.

ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారు, గుండెకు స్టెంటు లేదా ఆపరేషన్ అయినవారు, షుగరు ఉన్నవారు తమ డాక్టరును అడిగి, వారానికి ఎన్ని పచ్చసొనలు తినవచ్చో తెలుసుకోవాలి. కుటుంబంలో తరతరాలుగా కొలెస్టరాల్ చాలా ఎక్కువగా ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాంసకృత్తుల లెక్కే వేరు. నేను పైన వేసిన లెక్క వారికి పనికిరాదు. గుడ్డు పడక దద్దుర్లు వచ్చేవారు ముట్టుకోకూడదు.

డాక్టరును అడిగేటప్పుడు “గుడ్డు తినవచ్చా?” అని ఊరికే అడిగితే, రద్దీలో ఆయన వద్దనడమే తేలిక. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చేతిలో పెట్టి, “నా అంకెలు ఇవి, వారానికి ఎన్ని తినవచ్చు?” అని అడగండి. మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకుంటే మీ శరీరమే జవాబు చెబుతుంది. లైఫ్ సర్టిఫికెట్ ఏటా ఇస్తున్నాం కదా, దానితో పాటు ఈ పరీక్ష కూడా ఏటా పెట్టుకుంటే మరిచిపోము.

మన ప్రాంతం, మన గుడ్డు

చిన్నప్పుడు మన ఇళ్ళలో గంప కింద నాలుగు కోళ్ళు ఉండేవి. నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లకు మించి పెట్టేది కాదు. వాటిలో కొన్ని పొదగడానికి పోతే, కొన్ని కొట్టుకు పోయి ఉప్పు, మిరపకాయలై తిరిగి వచ్చేవి. మిగిలినవి బాలింతకో, జబ్బుపడి లేచినవారికో దక్కేవి. ఇంటిల్లిపాదికీ తలా ఒక గుడ్డు అనేది పండగనాటి మాట. ఈనాడు ఫారాల్లోని మేలుజాతి కోడి ఏడాదికి 300 పైగా పెడుతుంది.

ఈ మార్పులో మన చుట్టుపక్కల సంస్థలకు పాత్ర ఉంది. మొయినాబాద్ నుండి ఎంతో దూరం లేని రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన సంస్థ 1988లో మొదలైంది. పెరట్లో పెంచుకోవడానికి తగిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు అక్కడివే. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్ల కోసం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1982లో డాక్టర్ బి.వి. రావు గారి నాయకత్వంలో కోళ్ళ రైతులు నేషనల్ ఎగ్ కో-ఆర్డినేషన్ కమిటీగా ఏర్పడి, గుడ్డు ధరను తామే ప్రకటించుకోవడం మొదలుపెట్టారు. అంతకు ముందు ధర వ్యాపారుల చేతిలో ఉండేది. ఆదివారమైనా సోమవారమైనా రోజూ గుడ్లు తినమని దూరదర్శన్‌లో వచ్చిన ప్రకటన వీరిదే. అమ్ముకునేవారు చెప్పినదాన్ని ప్రకటనగానే తీసుకోవాలి. అందుకే ఈ ప్రసంగంలో నేను వారి మాట మీద ఆధారపడలేదు.

2023-24 ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో, తమిళనాడు రెండో స్థానంలో, తెలంగాణ మూడో స్థానంలో ఉన్నాయి. ఆ ఏడాది దేశం మొత్తం మీద తలకు 103 గుడ్లు అందుబాటులో ఉండేవి. పోషకాహార నిపుణులు చెప్పే అంకె 180. పండించే చోట ఉండి కూడా మనం భయంతో తినకపోతే అది మన పొరపాటే.

సంతలో తరచు వినపడే సందేహాలకు జవాబులు చెబుతాను. గోధుమరంగు గుడ్డు నాటుగుడ్డు అనుకోవద్దు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. లోపలి పోషకాల్లో పెద్ద తేడా లేదు. పచ్చసొన రంగు కోడి తిన్న మేతను బట్టి ఉంటుంది. గుడ్డును నీళ్ళలో వేస్తే తాజాది అడుగున పడుకుంటుంది, కొంచెం పాతది నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది. లోపలి తేమ పోయి గాలి గది పెరగడమే దానికి కారణం. తేలినదాన్ని పారవేయండి. కొనితెచ్చిన గుడ్లను కడిగి దాచవద్దు. పెంకు మీద సహజంగా ఉండే సన్నని పొర పోతుంది. వండే ముందు కడిగితే చాలు.

వండే తీరు

గుడ్డు కన్నా, గుడ్డు చుట్టూ మనం పోసే నూనె ప్రమాదం. నాలుగు గరిటెల నూనెలో వేయించిన ఆమ్లెట్ తిని, కొలెస్టరాల్ పెరిగితే గుడ్డు మీద నేరం మోపుతాం. బేకరీలో పఫ్ తిన్నా అంతే, పాపం గుడ్డుది కాదు, పైన ఉన్న పొరలది.

ఉడకబెట్టిన గుడ్డు అన్నిటికన్నా మంచిది. నీళ్ళు మరగడం మొదలైన తరువాత పది నిమిషాలు చాలు. మరీ ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం వస్తుంది. అది ఇనుము, గంధకం కలిసి ఏర్పడేది. హాని లేదు, రుచి తగ్గుతుంది. రోజూ ఉడకబెట్టిందే తినాలంటే ఎవరికైనా విసుగే. చెంచాడు నూనెతో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పొరటు చేసుకోండి. చేవెళ్ళ టమాటాలు ఉండగా టమాటా గుడ్డు కూరకు కొరత ఏముంది? మునగాకు వేసి గుడ్డు పొరటు చేస్తే జొన్న రొట్టెలోకి దానికి సాటి లేదు. చింతపండు పులుసులో ఉడికిన గుడ్డు వేసి, గాట్లు పెట్టి మరగనిస్తే మరునాటికి కూడా బాగుంటుంది. బి.పి. ఉన్నవారు ఉప్పు చేయి కాస్త బిగించాలి.

పచ్చిగుడ్డు తాగితే బలం అనే నమ్మకం మన తరంలో ఇంకా ఉంది. మానండి. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు 90 శాతం వరకు జీర్ణమైతే, పచ్చిగుడ్డులోవి సగమే జీర్ణమవుతాయని పరిశోధనలో తేలింది. పైగా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మన వయసులో తట్టుకోవడం కష్టం. సొన గట్టిపడేదాకా ఉడికించే తినాలి.

ఆడవాళ్ళ విస్తరి

ఇంతవరకు పెద్దాయన విస్తరి లెక్కే చెప్పాను. పెద్దమ్మ విస్తరి లెక్క ఇంకా కష్టంగా ఉంటుంది. నాలుగు గుడ్లు ఉడికితే ఆయనకొకటి, కొడుక్కొకటి, మనవళ్ళకు రెండు. ఆమె పులుసు వేసుకుని లేస్తుంది. ఎముకలు పెళుసుబారేది, తుంటి విరిగేది ఆమెకే ఎక్కువ. సంపాదించినన్ని రోజులు వండి పెట్టిన మనిషికి ఇప్పుడైనా ముందుగా ఒక గుడ్డు వేసి, ఆ తరువాత మనం తింటే ఆ ఇంటికి మంచిది. ఐదో గుడ్డు ఉడకబెట్టడం పెద్ద ఖర్చు కాదు.

అలాగే ఇంట్లో కోడలో, మనవరాలో గర్భవతిగా ఉంటే అంగన్‌వాడీకి పంపడానికి చిన్నతనం పడవద్దు. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వడం దాని ఉద్దేశం. ఉద్యోగి కుటుంబమని సిగ్గుపడి ఆ గుడ్డును వదులుకుంటే నష్టం పుట్టబోయే బిడ్డకే.

తిననివారి మాట

మనలో గుడ్డు ముట్టనివారు చాలామంది ఉన్నారు. వారి నియమం వారిది. దాన్ని గౌరవించవలసిందే. పొదగడానికి పనికిరాని గుడ్లు ఉంటాయని, పాలు తాగేవారికి వాటి విషయంలో అభ్యంతరం ఉండనక్కరలేదని గాంధీజీ 1942లో రాసిన ఆరోగ్య గ్రంథంలో అభిప్రాయపడ్డారు. పుంజు లేకుండా ఫారాల్లో పెట్టే గుడ్లు ఆ రకానివే. అయినా మనసు ఒప్పనివారు తినవద్దు. పప్పు కొంచెం పెంచుకోండి. పాలు, పెరుగు, పల్లీలు, సోయాతో అదే లెక్క సరిచేసుకోవచ్చు. మానేయడానికి నియమం కారణమైతే మంచిది. వట్టి భయం కారణమైతే మాత్రం మరొకసారి ఆలోచించండి.

చివరగా పిల్లలకు ఒక మాట. ఈ ప్రత్యేక సంచిక మీ ఇళ్ళకు వస్తుంది కాబట్టి వారూ చదువుతారు. నాయనకు, అమ్మకు గుడ్డు వద్దని మీరు అనడం ప్రేమతోనే. ఆ ప్రేమతోనే వారిని ఒకసారి పరీక్షకు తీసుకువెళ్ళండి. అంకెలు బాగుంటే రోజుకొక గుడ్డు, చేతనైనంత నడక, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చునే అలవాటు, ఈ మూడూ వారికి ఏర్పాటు చేయండి. కాళ్ళ మీద నిలబడి పెన్షను తెచ్చుకునే తండ్రి, తన స్నానం తాను చేయగలిగిన తల్లి ఉన్న ఇల్లు ఎంత తేలికగా నడుస్తుందో మీకే తెలుస్తుంది.

ఈ మధ్యాహ్నం భోజనాల్లో గుడ్డు కూర కూడా ఉందని కార్యదర్శి గారు చెప్పారు. డాక్టరు వద్దని చెప్పనివారందరూ పచ్చసొనతో సహా తినాలని కోరుతున్నాను.